మంచుకొండ కింద బెల్లం తూకం

కాంటా మీద ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి తొంభై ఏడు దగ్గర నిలిచాయి.

ఆస్ట్రియా దేశంలో, ఆల్ప్స్ కొండల మధ్య ఒక పల్లె. అందులో మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చే దుకాణం. కాంటా ఎక్కినవాడు నా చిన్ననాటి స్నేహితుడు చంద్రమౌళి, వరంగల్ బీట్ బజార్లో బెల్లం టోకు వ్యాపారి. ముప్పై ఏళ్లుగా ఊరి జనాన్ని తన కాంటా ఎక్కించి తూకం చెప్పినవాడు ఇంకొకరి కాంటా ఎక్కగా నేను చూడటం అదే మొదటిసారి. ఎదురుగా నిలబడి అంకెలు చూస్తున్నది ఆయన భార్య సరోజ వదిన.

"డెబ్బై మూడు అంటిరి గద," అంది వదిన మెల్లగా.

"కాళ్లకు బూట్లున్నయి. ఒక్కొక్కటి ఇనుప ముక్క లెక్కున్నది. తరుగు తీయాలె," అన్నాడు చంద్రమౌళి.

తరుగు అంటే గోనె బరువు, మట్టి బరువు తీసేసి అసలు సరుకు ఎంతో తేల్చడం. దుకాణంలో పనిచేసే సెప్ అనే పెద్దాయన బూట్లు విప్పించాడు. తొంభై మూడు. చంద్రమౌళి జాకెట్టు, హెల్మెట్టు తీశాడు. తొంభై ఒకటి. పైన వేసుకున్న మంచు ప్యాంటు విప్పాడు. తొంభై. ఇంకా ఏమైనా ఉందా అని వెతుక్కుని ఫోను, తాళంచెవులు, పల్లీపట్టి పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. ఎనభై తొమ్మిదిన్నర. చుట్టూ స్కీల కోసం వచ్చిన తెల్ల కుటుంబాలు పిల్లాపాపలతో నిలబడి ఉన్నాయి. మధ్యలో ఉన్ని బనీను, పొడుగు లాగు మీద మా చంద్రమౌళి.

"ఇంగ తరుగు తీయనీకి ఏం లేదు. మనిషే మిగిలిండు," అంది వదిన. ముప్పై రెండేళ్ల కాపురంలో భర్తను మీరు తప్ప నువ్వు అనని మనిషి, ఆ తర్వాత అన్న మాట ఇది: "పదహారున్నర కిలోలు తక్కువ పెట్టినవు తల్లులకు."

ఏమైందని సెప్ నన్ను ఇంగ్లీషులో అడిగాడు. చెప్పడానికి కొంచెం టైము పడుతుందన్నాను.

దవాఖానలో రెండు మాటలు

రెండేళ్ల కింద చంద్రమౌళికి పాంక్రియాస్ వాచి హనుమకొండలో ఒక దవాఖానలో నెల రోజులున్నాడు. ఒక వారం మనిషి దక్కుతాడో లేదో అన్నట్టే గడిచింది. ఆ వారంలో వదిన మంచం పక్కన కూర్చుని మేడారం సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది, మనిషి లేచి ఇంటికి నడిచి వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని.

మేడారం ఎరగని పాఠకులకు చెప్పాలి. అక్కడ బంగారం అంటే బెల్లం. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి, రెండేళ్లకోసారి అడవిలో జరిగే జాతరలో అమ్మవార్ల గద్దెల దగ్గర సమర్పిస్తారు. పత్రికలో ఉన్నన్నాళ్లూ ఆ జాతర వార్తలు నేనే రాశాను. మొక్కు తూకంలో జనం ఒక కిలో పైకే వేస్తారు గాని కిందికి వేయగా నేను వినలేదు.

అదే మంచం మీది నుంచి చంద్రమౌళి కూడా ఒక మాట ఇచ్చాడు. "నేను లేసిన్నంటే నువ్వు ఏడికంటే ఆడికి తీస్కపోత సరోజా." కాశీ అంటుందనుకున్నాడు. మహా అయితే కేదారం.

"మంచు మీద జారే కాడికి," అంది వదిన.

దవాఖాన వరండాలో నిద్రపట్టక ఫోను చూస్తుంటే ఎవరో అరవై ఏళ్ల ఆవిడ తెల్లటి కొండ మీది నుంచి గాలిలా జారుతూ వచ్చిందట. ఆ నెలంతా వదిన అదే వీడియో చూస్తూ గడిపిందట.

మనిషి లేచాడు. డిశ్చార్జి చీటీలో బరువు డెబ్బై మూడని రాశారు. జాతర వచ్చేనాటికి ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టి తొమ్మిది నెలలైంది. జాతర రోజుల్లో బీట్ బజార్లో ఆయన దుకాణం ముందు జనం వరస కడతారు. ఒక్కొక్కరూ ప్లాట్‌ఫారం కాంటా ఎక్కుతుంటే సరుకు మోసే హమాలీలు పక్కన నిలబడి పందేలు కాస్తారు, ఈయన ఎనభై దాటుతాడా, ఆ అత్తగారు కోడలికన్నా ఎక్కువ తూగుతుందా అని. ఆ కాంటా సేటే ఎక్కితే ఎలా ఉంటుందో సేటుకు తెలుసు. అందుకని ఎక్కలేదు. ఇంటికి వెళ్లి, "ఎక్కిన. డెబ్బై మూడే," అన్నాడు. సొంత సరుకులోంచి మేలైన బెల్లం డెబ్బై మూడు కిలోలు తూచి, భార్యతో మేడారం పోయి సమర్పించి వచ్చాడు.

ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కాంటాకు కూడా తెలియదు.

బీట్ బజార్లో ప్లానింగు

ఇక రెండో మాట మిగిలింది. దాని ప్లానింగు మూడు నెలలపాటు దుకాణంలో, బెల్లం దిమ్మల మధ్య జరిగింది. నన్ను పిలిచింది ఇంగ్లీషు కోసం. "నీ ఖర్చు నువ్వు పెట్టుకో, నీ ఇంగ్లీషు నాకియ్యి," అన్నాడు చంద్రమౌళి. రిటైరైన విలేకరికి ఇంతకన్నా మర్యాదైన పిలుపు రాదు. మా ఆవిడను కూడా రమ్మన్నాను. "మంచు జూడాల్నంటే ఫ్రిజ్జు తెరిచి ముందట నిలవడుండ్రి," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్కీ అంటే ఏమిటో చంద్రమౌళికి దుకాణం ముందే అర్థమైంది. లారీ మీది నుంచి నేలకు ఏటవాలుగా చెక్క వేసి హమాలీలు బెల్లం దిమ్మలు జారవిడుస్తున్నారు.

"గింతే గదరా. పైకెల్లి ఇడిస్తె కిందికొస్తది," అన్నాడు.

హమాలీల మేస్త్రి అయిలయ్య తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "దిమ్మకు నొప్పి తెల్వది సేటు," అన్నాడు.

వదిన మాత్రం మాటలతో ఆగలేదు. పార్సిల్ పెట్టె చెక్కలు రెండు చెప్పుల కింద కట్టుకుని, మిద్దె మీద సబ్బునీళ్లు పోసి రోజూ పొద్దున అరగంట జారేది. పక్కింటావిడ పిట్టగోడ మీది నుంచి, "ఏం నోమక్కా ఇది?" అని అడిగితే, "మంచు నోము. ఉద్యాపన ఫారిన్‌ల," అందట.

బట్టల కోసం హనుమకొండలో చలికాలం గుడారం వేసే స్వెట్టర్ల దుకాణానికి పోయాం. కొండ ప్రాంతం నుంచి వచ్చి అమ్ముకునే మనిషి. ఎక్కడికి పోతున్నామో చెప్పగానే చేతిలో ఉన్న స్వెట్టరు మడిచి పక్కన పెట్టి, ఇవి వరంగల్ చలికి సరిపోతాయి, అక్కడ వీటిని బనీన్లుగా వేసుకోవాలన్నాడు. తలా రెండు కొన్నాం. ఆయన అన్నట్టే బనీన్లుగా వేసుకున్నాం. ముందు చెప్పిన ఉన్ని బనీను అదే.

సామాన్లో బట్టలకన్నా తిండి ఎక్కువ. సకినాలు, పల్లీపట్టి, చింతపండు, కారం, చిన్న రైస్ కుక్కరు, ఇవన్నీ వదిన సర్దింది. వీటిపైన చంద్రమౌళి రెండు కిలోల బెల్లం దిమ్మ పెట్టాడు. ఎందుకురా అంటే, "బెల్లం లేకుంట నేనేడికీ పోలే," అన్నాడు.

విమానం దిగిన చోట

ఆ దిమ్మను యంత్రంలో చూసిన అధికారి మా ముగ్గురినీ పక్కకు పిలిచాడు. గోధుమ రంగు, బరువు, గుడ్డలో చుట్టి ఉంది. ఏమిటని అడిగాడు. చెరకు రసం కాచి చేస్తారని నేను చెబుతున్నాను. చంద్రమౌళికి నా వివరణ నచ్చలేదు. దిమ్మ అంచు గోటితో గిల్లి, నోట్లో వేసుకుని చూపించి, ఇంకో ముక్క ఆయన ముందు పెట్టాడు. అధికారి తినలేదు. వాసన చూశాడు. రెండోసారి వాసన చూసి, చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

"ధర అడగలే సూడు, కొనే గిరాకీ కాదు," అన్నాడు చంద్రమౌళి.

అక్కడి నుంచి బస్సు. మన ఆర్టీసీ బస్సు హనుమకొండ నుంచి ఏటూరునాగారం చేరేలోపు పక్క సీటు మనిషి పిల్లల చదువులు, పొలం, బీపీ అన్నీ తెలుస్తాయి. ఇక్కడ మూడు గంటల్లో ఎవరూ నోరు విప్పలేదు. వదిన సకినాలు కొరికితే ఆ చప్పుడు డ్రైవరు దాకా పోయింది. ఆమె మిగతావి నోట్లో నానబెట్టుకుని తిన్నది.

పల్లెలో దిగాక తెలిసింది, వీళ్లు బస్సులోనే మాట్లాడరని. నడిచేటప్పుడు ఎదురైన ప్రతివాళ్లూ పలకరిస్తారు. వాళ్ల పలకరింపులో దేవుడి పేరుంటుంది. చంద్రమౌళి రెండు చేతులూ జోడించి ప్రతి ఒక్కరికీ నమస్తే పెట్టడంతో బస్సు దిగిన చోటు నుంచి బసకు పది నిమిషాల నడక అరగంట పట్టింది.

పల్లె పల్లెలాగే ఉంది. చెక్క ఇళ్లు, పక్కనే పశువుల కొట్టాలు. చలికాలమంతా ఆవులు లోపలే ఉంటాయి. మంచు వాసన ఎలా ఉంటుందో అనుకుంటూ వెళ్లిన మాకు మొదట తగిలింది పేడ వాసన. వదిన ప్రాణం కుదుటపడింది.

చాయ్ మన డబ్బులో నాలుగు వందల పైన. అది కూడా వేడినీళ్లలో దారానికి వేలాడే పొట్లం. మొదటిరోజు చంద్రమౌళి ఆ పొట్లాన్ని మూడు కప్పుల నీళ్లకు వాడాడు. కొండ మీదికి తీసుకుపోయే తీగబండ్లకు ఒక్క రోజు టికెట్టు ఆరు వేలు దాటింది. "పైకెక్కనీకి ఆరువేలు. కిందికి మనమే రావాలె. గిదేం బ్యారం," అన్నాడు.

బసలో ఆవిరి గది ఉచితమని రాసి ఉంటే సాయంత్రం ముగ్గురం వెళ్లాం. తలుపు మీద ఇంకో బోర్డు ఉంది. నేను చదివి, లోపల బట్టలు వేసుకోకూడదట, ఆడా మగా అందరికీ ఒకటే గదట అని చెప్పాను. మేం వేసుకున్నవి తలా నాలుగు పొరలు. ముగ్గురం వెనక్కి తిరిగి గదికి వచ్చి రైస్ కుక్కరు పెట్టుకున్నాం.

పిల్లల వాలు

మర్నాడు స్కీల దుకాణంలో ఒక ఫారం ఇచ్చారు. వయసు, ఎత్తు, బరువు. బూటును స్కీకి పట్టి ఉంచే కొక్కెం ఎంత బిగించాలో ఆ అంకెల్ని బట్టే లెక్కగడతారు. మనిషి పడితే బూటు ఊడిరావాలి, లేకపోతే కాలు విరుగుతుంది. ఊరికే ఊడకూడదు కూడా. చంద్రమౌళి బరువు దగ్గర కలం ఆపాడు. పక్కనే వదిన నిలబడి ఉంది. డెబ్బై మూడు అని రాశాడు.

నేను స్నోబోర్డు తీసుకున్నాను. అది రెండు కాళ్లకూ కలిపి ఒకే పలక. రెండు స్కీలైతే రెండు వైపులా పోతాయి, ఒక్కటైతే ఒకే వైపు పోతుందని నా లెక్క. లెక్క తప్పలేదు. అది ఒకే వైపు పోయింది, నేను వేరే వైపు. ఆ వారమంతా నేను మంచు మీద కూర్చునే చూశాను కాబట్టి మిగతా ఇద్దరి సంగతులు శ్రద్ధగా రాయగలుగుతున్నాను.

నేర్పించేది మార్టినా అనే పాతికేళ్ల పిల్ల. మమ్మల్ని పిల్లల వాలు మీద నిలబెట్టింది. నాలుగేళ్ల పిల్లలు బొంగరాల్లా మా చుట్టూ తిరుగుతున్నారు. వదిన మొదటి గంటలో రెండుసార్లు పడింది. రెండో గంటలో పడలేదు. మోకాళ్లు వంచి, మడమలు విడదీసి, ముగ్గు వేస్తున్నంత నిదానంగా కిందికి వచ్చి ఆగింది. ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారని మార్టినా అడిగితే, "మిద్దె మీద," అంది. నేను అనువదించాను. మార్టినా అదేదో ఊరి పేరనుకుంది.

చంద్రమౌళి పది అడుగులు జారగానే కుడి స్కీ ఊడిపోయింది. తొడిగారు. ఎడమది ఊడింది. తొడిగారు. తిరగబోతే రెండూ ఊడి, మనిషి నిలబడ్డచోటే నిలబడగా స్కీలు మాత్రం కింద వరకూ పోయి పిల్లల మధ్య ఆగాయి. ఒక పిల్ల వాటిని మోసుకొచ్చి ఇచ్చింది. నాలుగోసారి కూడా ఆ పిల్లే తెచ్చింది. అయిదోసారి అక్కడే కూర్చుని ఎదురుచూడసాగింది.

వదిన మొహంలో నవ్వు పోయింది. "నాయి ఊడుతలేవు. అన్నయి ఊడుతలేవు. మీయే ఎందుకు ఊడుతున్నయి?" అంది. నావి ఊడాలంటే నేను లేచి నిలబడాలి కదా అనబోయి ఊరుకున్నాను.

"మంచు మంచిగలేదు," అన్నాడు చంద్రమౌళి.

"ఏదన్న బాకీ ఉన్నదా మీకు? ఏ దేవునికన్న?"

"నాకేం బాకీ. పోయినేడు మొత్తం అప్పజెప్పొస్తిమి గద."

మార్టినా కొక్కెం వంగి చూసి, పైకి లేచి, మమ్మల్ని దుకాణానికి నడిపించింది. సెప్ ఫారం చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫారం చూశాడు. తర్వాత మూలన ఉన్న కాంటా మీది దుమ్ము తుడిచాడు. అక్కడ జరిగింది మొదటే చెప్పాను.

సెప్ ఇంటి కథ

చంద్రమౌళి బట్టలు వేసుకుంటుండగా సెప్ స్క్రూ బిగిస్తూ నవ్వాడు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడట. మగవాళ్లు అయిదారు కిలోలు దాస్తారట, పదహారున్నర చూడటం ఇదే మొదలట.

"విన్నవా సరోజా? స్క్రూ ఢీలగున్నదంట. తల్లులకు దీనికి ఏం సంబంధం లేదు," అన్నాడు చంద్రమౌళి.

"స్క్రూ ఎందుకు ఢీలైంది? నువ్వు అబద్ధమాడితె. అబద్ధం ఎందుకాడినవు? మొక్కు తక్కువ పెట్టి. తిరిగి తిరిగి ఆడికే వచ్చింది," అంది వదిన.

నేను సెప్‌కు మొత్తం చెప్పాను, మొక్కు, బెల్లం, డిశ్చార్జి చీటీ. ఆయనకు విడ్డూరంగా అనిపించలేదు. వాళ్ల కొండల్లోనూ వెనకట అలాంటిది ఉండేదట. పిల్లలకు జబ్బు చేస్తే పిల్లవాడి బరువంత మైనం చర్చికి ఇస్తామని మొక్కుకునేవారట. వాళ్ల నాయనమ్మ అలాగే ఒక కొడుకు కోసం పన్నెండు కిలోల మైనం మోసుకుంటూ పక్క లోయకు నడిచిపోయిందట. పిల్లవాడు బతికాడు. పెరిగి నూట పది కిలోలయ్యాడు. పెరిగిన బరువుకు మళ్లీ మైనం ఎవరూ ఇవ్వలేదు.

అనువదించగానే చంద్రమౌళి మొహం వెలిగింది. "గదీ. సౌదా కుదిరిన్నాటి తూకమే తూకం. అడుగరా, అడుగు. ఆయనెన్నేండ్లు బతికిండో అడుగు."

అడిగాను. నలభై రెండేళ్లప్పుడు పశువుల కొట్టం మీద మంచు తీస్తూ జారిపడి చనిపోయాడని చెప్పాడు సెప్.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒకరు చెప్పిన మాట ఇంకొకరికి మార్చి చెప్పలేదు నేను. ఆ రోజు మార్చాలనిపించింది. వదిన నా మొహమే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"జారి పడ్డడా," అంది వదిన. అంతే. స్కీలు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

సౌదా నాడా, డెలివరీ నాడా

ఆ రాత్రి నుంచి చంద్రమౌళికి కొండ బందైంది. స్క్రూ సరిగ్గా బిగించి ఇచ్చినా సరే, లెక్క తేలేదాకా జారకూడదని వదిన తీర్పు. నిజానికి ఆయన బాధపడలేదు. వాలు కింద చెక్క హోటల్లో కిటికీ పక్క బల్ల పట్టుకున్నాడు. వడ్డించేవాళ్లకు రెండో రోజుకే పరిచయమయ్యాడు.

గుడ్డూ మాంసం లేని వంట ఇక్కడ దొరకడం కష్టం. మొదట తెచ్చిన పిండి ముక్కల మీద జున్ను కరిగించి పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు పోశారు. పిండిలో గుడ్డుందన్నారు. చంద్రమౌళి ఆ ఉల్లిపాయలు మాత్రం విడిగా ఒక ప్లేటు కావాలని అడిగాడు. ఇచ్చారు. దాని మీద సొంత కారం చల్లుకుని ఉడకబెట్టిన ఆలుగడ్డలతో తిన్నాడు. మూడో రోజు వంటాయన బయటికి వచ్చి ఆ కారం ఒక చిటికె నాలుక మీద వేసుకుని, లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

భార్యాభర్తల మధ్య వాదన మాత్రం పూటపూటా సాగింది. బజారు మనుషులు కదా, బజారు మాటల్లోనే. సౌదా అంటే బేరం కుదరడం, డెలివరీ అంటే సరుకు అప్పజెప్పడం.

"మొక్కు అయింది దవాఖానల. ఆనాడు నేను డెబ్బై మూడు. సౌదా ఏనాడైతదో ఆనాటి లెక్కే. మిర్చికైనా గంతే, పత్తికైనా గంతే," అనేవాడు చంద్రమౌళి.

"ధర సౌదా నాటిది. తూకం డెలివరీ నాటిది. నువ్వు దుకాణంల కూసుంటె నేను ముప్పై ఏండ్లు ఇంట్ల ఊకె కూసున్ననా? నాకు తెల్వదా?"

"సరే, డెలివరీ నాడు నేనెంతున్నన్నో ఎవలికి తెలుసు? ఎనభై ఉన్ననేమో. ఈ ఎనభై తొమ్మిదిన్నర ఈడిది. ఏడాది తిన్న తిండి దీంట్లున్నది."

"అందుకే ఎక్కమన్నరు కాంటా ఆనాడు."

ఇద్దరూ నా వైపు తిరిగేవారు. రెండు వాదాలూ బలంగానే ఉన్నాయనేవాణ్ని. "పేపరోళ్లు ఎప్పుడు ఇంతే," అనేవాడు చంద్రమౌళి.

నవ్వులాటగా రాస్తున్నాను గాని, వదినకు అది నవ్వులాట కాదు. ఒక మధ్యాహ్నం స్కీలు విప్పుతూ నాతో అంది. "అన్నా, ఆ వారం రోజులు డాక్టరు నా మొకం చూసి మాట్లాడకపోతుండె. నేను తల్లులకు మొక్కిన్నంక లేసిండు. గీయన తల్లుల తూకంల మిగిలిచ్చుకున్నడు. మల్ల ఏమన్నయితె నేను ఏ మొకం పెట్టుకుని మొక్కాలె?" నేను ఆమె స్కీలు అందుకుని గోడకు ఆనించాను.

పై నుంచి కింది దాకా

చివరిరోజు మార్టినా వదినను కొండ పైదాకా తీసుకుపోతానంది. పైనుంచి సులువైన దారి ఒకటుందట, నాలుగు కిలోమీటర్లు. వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తీగబండి ఎక్కి చెయ్యి ఊపింది. గంటలో వస్తామంది మార్టినా. చంద్రమౌళి కిటికీ బల్ల వదిలి బయటికి వచ్చి వాలు చివర నిలబడ్డాడు. పక్కన నేను.

గంట గడిచింది. కొండ సగం వరకు మబ్బు దిగింది. మబ్బులోంచి ఒక్కొక్కరే బయటపడి మా ముందు ఆగుతున్నారు. ఎరుపు జాకెట్లు, పచ్చ జాకెట్లు. వదినది నీలం. గంటన్నర గడిచింది. చంద్రమౌళి దిగివచ్చే జాకెట్లను బస్తాల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

అంతలో కొండ మీద దెబ్బ తగిలినవాళ్లను దించే సిబ్బంది ఇద్దరు ఒక బండిని జారవిడుచుకుంటూ వచ్చారు. అందులో ఎవరినో మెడ దాకా దుప్పటి కప్పి కట్టి పడుకోబెట్టారు. దుప్పటి నీలం రంగుది.

చంద్రమౌళి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతులు పైకెత్తాడు. అక్కడున్న నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు: "తల్లీ సమ్మక్కా, తల్లీ సారక్కా, సరోజ కాళ్లు చేతులు సక్కగ కిందికొస్తె నిలువెత్తు బంగారమిస్త. ఈపాలి కాంటా ఎక్కిచ్చి ఇస్త. హమాలీలందరి ముందట ఎక్కిచ్చి ఇస్త."

బండి మా ముందు నుంచి పోయింది. దుప్పటి పైన కనిపించిన మొహానికి గుబురు మీసం ఉంది. ఆయన మాకు చెయ్యి కూడా ఊపాడు.

ఇంకో పావుగంటకు మబ్బులోంచి మార్టినా వచ్చింది. వెనకే, మోకాళ్లు వంచి, ముగ్గు వేస్తున్నంత నిదానంగా, నీలం జాకెట్లో వదిన. మా ముందుకొచ్చి ఆగింది. మూతి మీద గోధుమ రంగు మరక.

"దారిల హోటలున్నది. ఈ పిల్ల చాకొలెట్ పాలు తాగిపిచ్చింది. మంచిగున్నయని ఇంకో గిలాస తాగినం," అంది. తర్వాత భర్త మోకాళ్ల మీద మంచు చూసి, "నువ్వెందుకు కింద కూసున్నవు?" అంది.

చంద్రమౌళి చెప్పాడు. వదిన కళ్లు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది. మెల్లగా, "మీకు మొక్కు మీద నమ్మకముంది గద మరి," అంది. నువ్వు పోయి మీరు వచ్చింది. అంతలోనే ఆగి, "ఏమన్నరు? నన్ను కాంటా ఎక్కిస్తరా? హమాలీల ముందట?" అంది.

వరంగల్ వచ్చాక

చంద్రమౌళి లెక్క ఇప్పుడు తేలిపోయింది. వచ్చే జాతరకు ముందు దుకాణంలో అందరి ఎదుట ఆయన కాంటా ఎక్కుతాడు. ఆ రోజు ఎంత తూగితే అందులోంచి డెబ్బై మూడు తీసేసి మిగిలింది సమర్పిస్తారు. ఆ మిగులు తగ్గించుకోవడానికి రోజూ తెల్లవారకముందే నడక మొదలుపెట్టాడు. అయిలయ్య అప్పుడే పందేలు రాసుకుంటున్నాడు.

వదిన లెక్కే తేలలేదు. మాట ఇచ్చింది అమ్మవార్లకు కాబట్టి కాంటా ఎక్కించక తప్పదంటాడు చంద్రమౌళి. "సౌదా కుదిరిన్నాటి తూకమే తూకమని వారం రోజులు నా చెవుల పోరు పెట్టింది ఎవరు? ఆనాడు ఆ కొండ కింద నేనెంతున్నన్నో గంతే ఇయ్యుండ్రి. ఈడ ఎక్కేది లేదు," అంటుంది వదిన. ఆ వారంలో ఆమె స్కీలు ఒక్కసారి కూడా ఊడలేదు కాబట్టి ఆమెను ఎవరూ కాంటా ఎక్కించలేదు. వదిన చెప్పదు గనుక ఆమె ఫారంలో రాసిన అంకెనైనా తెలుసుకుందామని పాత అలవాటు కొద్దీ దుకాణానికి ఉత్తరం రాశాను. స్కీలు తిరిగి ఇచ్చిన రోజే ఫారాలు చించేస్తామని, అయినా ఫారంలో ఉన్నది బరువని తానెప్పుడూ అనుకోలేదని సెప్ జవాబిచ్చాడు.

జాతర ఇంకా కొన్ని నెలలుంది. ఆమె పేరున ఎంత బెల్లం తూచాలో బీట్ బజార్లో ఇప్పటికి ఎవరికీ తెలియదు.